పెరాసిటిక్, పెర్‌ఫార్మిక్, కారో యాసిడ్: డ్రమ్ముల్లో కొనాలా, ప్లాంటులోనే తయారు చేయాలా?

హైడ్రోజన్ పెరాక్సైడ్‌కి ఎసిటిక్ యాసిడ్ కలిస్తే పెరాసిటిక్ యాసిడ్ వస్తుంది. ఫార్మిక్ యాసిడ్ కలిస్తే పెర్‌ఫార్మిక్. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిస్తే కారో యాసిడ్. మూడింటికీ తల్లి ఒకటే, మూడింటినీ కలిపి పెరాసిడ్లంటారు. మూడూ పెరాక్సైడ్ కంటే చురుగ్గా పనిచేసే ఆక్సీకారకాలే, క్రిముల్ని చంపడానికో సయనైడ్‌ని విరగ్గొట్టడానికో వాడతారు. అయినా మార్కెట్‌లో ఒకటి నీలం క్యాన్లలో దొరుకుతుంది, మిగతా రెండూ దాదాపు ఎక్కడా దొరకవు. ఏది ఎంచుకోవాలో తేల్చే విషయం ఈ తేడాలోనే ఉంది.

డెయిరీ, కూల్‌డ్రింకుల ప్లాంటు, ఫార్మా యూనిట్, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, మురుగునీటి శుద్ధి కేంద్రం, ఎక్కడైనా పర్చేజ్ వాళ్లు మొదట అడిగేది కిలో రేటు, తర్వాత శాతం. రెండూ అడగాల్సినవే, కానీ ముందు అడగాల్సినవి కావు. తయారైన క్షణం నుంచి వాడే క్షణం వరకు ఈ ద్రావణం ఎంతసేపు ఆగాలి? మీ దగ్గర అది రోజులా, నెలలా, నిమిషాలా? దీనికి జవాబు దొరికితే మూడింటిలో రెండు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

ముందు, క్లోరిన్ చాలదా?

చాలా చోట్ల చాలు. ఈ మాట పెరాసిడ్ అమ్మేవాళ్లు చెప్పరు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను. క్లోరిన్‌ని ద్రావణంగా అందించే సోడియం హైపోక్లోరైట్ చవక, ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది, దాన్ని వాడటం అందరికీ తెలుసు. తాగునీటి పైపుల్లో చివరి కుళాయి దాకా క్రిమిసంహారక గుణం నిలవాలంటే క్లోరినే కావాలి. పెరాసిటిక్ నీళ్లలో అంతసేపు నిలవదు. నేలలు, డ్రైనేజీ కాలువలు, లారీ టైర్లు కడగడానికి పెరాసిటిక్ వాడటం డబ్బు దండగ.

క్లోరిన్ ఇబ్బంది పెట్టే చోట్లు వేరే ఉన్నాయి. క్లోరైడ్ వల్ల స్టెయిన్‌లెస్ స్టీల్‌కి, అందులోనూ 304 గ్రేడుకి, సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. పాలు, రక్తం, రొయ్యల వ్యర్థాల లాంటి సేంద్రియ పదార్థం తగిలితే క్లోరిన్ వాటితోనే ఖర్చయిపోతుంది, పైగా ట్రైహాలోమీథేన్ల లాంటి హానికర ఉపఉత్పత్తులు తయారవుతాయి. ఆర్‌వో ప్లాంటులోని పాలీఎమైడ్ మెంబ్రేన్‌ను (వడపోత పొరను) క్లోరిన్ తినేస్తుంది. ఫార్మా స్టెరైల్ ఏరియాలో బాక్టీరియా స్పోర్లను (గట్టి పెంకు కట్టుకుని నిద్రాణంగా ఉండే మొండి రూపాలను) చంపాలి. అక్కడ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్పోర్ల మీద పనిచేయదు. పెరాసిటిక్ పనిచేస్తుంది. డయాలసిస్ సెంటర్లలో డయలైజర్లను మళ్లీ వాడకానికి సిద్ధం చేసేటప్పుడు ఇదే రసాయనం వాడతారు. వాడాక చివరికి మిగిలేవి ఎసిటిక్ యాసిడ్, నీళ్లు, ఆక్సిజన్.

చల్లటి నీళ్లలోనూ పనిచేయడం దీనికున్న ఇంకో సుగుణం. డెయిరీ సీఐపీలో (పైపులు, ట్యాంకులు విప్పకుండా ఉన్నచోటే కడిగే పద్ధతిలో) చివరి శానిటైజింగ్‌కి వేడినీళ్లు వాడుతున్నవాళ్లు పెరాసిటిక్‌కి మారితే ఆ మేరకు ఆవిరి ఖర్చు తగ్గుతుంది. రేట్లు పోల్చేటప్పుడు ఈ లెక్కను చాలామంది వదిలేస్తారు.

ఇంకో చిన్న గందరగోళం. మార్కెట్లో సిల్వర్ కలిపిన హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా ఇదే పనికి అమ్ముతుంటారు. అది పెరాసిడ్ కాదు, స్థిరీకరించిన పెరాక్సైడ్ మాత్రమే. వాసన ఉండదు, నిల్వకి హాయి, కానీ పని నెమ్మది. రెండింటి కొటేషన్లు పక్కపక్కన పెట్టి లీటరు రేటు పోల్చడంలో అర్థం లేదు.

డ్రమ్ములో వచ్చేది: పెరాసిటిక్ 5 శాతమా, 15 శాతమా

పెరాసిటిక్ డ్రమ్ములో ఎందుకు నిలుస్తుందంటే, అది సమతౌల్యంలో ఉన్న మిశ్రమం. ఎసిటిక్ యాసిడ్, పెరాక్సైడ్, పెరాసిటిక్, నీళ్లు నాలుగూ ఒకే డ్రమ్ములో ఉంటాయి. ఏదీ పూర్తిగా మరొకటిగా మారిపోదు. లోహపు జాడలను కట్టిపడేసే స్థిరీకారకాలు, సాధారణంగా ఫాస్ఫోనేట్లు, కొద్దిగా కలుపుతారు. ఇనుము, రాగి, మాంగనీస్ లాంటివి కొన్ని పీపీఎంలు (పది లక్షల భాగాల్లో కొన్ని భాగాలు) కలిసినా పెరాక్సైడ్ విడిపోవడం మొదలవుతుంది. స్థిరీకారకం ఆ పని జరగకుండా ఆపుతుంది.

సాధారణ 5 శాతం గ్రేడులో పెరాసిటిక్ 5, పెరాక్సైడ్ 20 నుంచి 27, ఎసిటిక్ 6 నుంచి 10 శాతం ఉంటాయి. పేరు పెరాసిటిక్‌దే కానీ డ్రమ్ములో ఎక్కువ ఉన్నది పెరాక్సైడే. 15 శాతం గ్రేడులో కంపెనీని బట్టి పెరాక్సైడ్ 10 నుంచి 23 శాతం దాకా ఉంటుంది, ఎసిటిక్ అంతకంటే ఎక్కువ కూడా ఉండొచ్చు.

ఇప్పుడు లెక్క వేద్దాం. వెయ్యి లీటర్ల సీఐపీ ట్యాంకులో 200 పీపీఎం పెరాసిటిక్ కావాలనుకోండి. అంటే 200 గ్రాముల అసలు సరుకు. 5 శాతం గ్రేడు అయితే 4 కిలోలు పోయాలి, 15 శాతం అయితే సుమారు 1.33 కిలోలు. కాబట్టి 15 శాతం రేటు 5 శాతం రేటుకి మూడు రెట్ల లోపు ఉంటేనే కాగితం మీద లాభం. రవాణా, ఖాళీ క్యాన్ల బెడద, క్యాన్లు ఎత్తి దించే మనుషుల శ్రమ కూడా కలిపితే 15 వైపు మొగ్గు ఇంకాస్త పెరుగుతుంది. రేటు కిలోకా లీటరుకా అన్నది కూడా అడగాలి. ఈ ద్రావణం నీటికంటే పదోవంతు బరువెక్కువ, శాతం లెక్కేమో బరువు మీద ఉంటుంది.

పెరాసిటిక్‌తోపాటు ట్యాంకులోకి ఇంకేం వెళ్తోందో కూడా చూడాలి. 22 శాతం పెరాక్సైడ్, 10 శాతం ఎసిటిక్ ఉన్న 5 శాతం గ్రేడు 4 కిలోలు పోస్తే ట్యాంకులో 880 పీపీఎం పెరాక్సైడ్, 400 పీపీఎం ఎసిటిక్ వచ్చి చేరతాయి. ఈ నీళ్లు ఈటీపీకి, అంటే ప్లాంటు వ్యర్థజలాలను శుద్ధి చేసే చోటికి, వెళ్లాక ల్యాబ్‌లో డైక్రోమేట్‌తో సీవోడీ (నీటిలోని కాలుష్యాన్ని ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) పరీక్ష చేస్తారు. ఆ పరీక్షలో పెరాక్సైడ్ కూడా లెక్కలోకి వస్తుంది. ఒక మిల్లీగ్రాము పెరాక్సైడ్‌కి సుమారు 0.47 మిల్లీగ్రాముల సీవోడీ కనిపిస్తుంది. అంటే ఆ 880 పీపీఎం వల్ల 400 పైచిలుకు సీవోడీ ఉన్నట్టు రిపోర్టు వస్తుంది, నిజానికి అది కాలుష్యమే కాదు. ఎసిటిక్ వల్ల వచ్చే ఇంకో 400 పైచిలుకు మాత్రం నిజమైనదే. అయితే అది బ్యాక్టీరియా ఇష్టంగా తినే రకం. పెరాసిటిక్‌కి మారిన వెంటనే ఈటీపీ ఆపరేటర్ సీవోడీ పెరిగిందని గోల పెడితే ముందు నమూనాలో పెరాక్సైడ్ మిగిలి ఉందేమో చూడండి. 15 శాతం గ్రేడుతో అదే 200 పీపీఎంకి పెరాక్సైడ్ 130 నుంచి 310 పీపీఎం మధ్య ఆగుతుంది. ఈటీపీ చిన్నదైన యూనిట్లకి ఈ తేడా చిన్నదేం కాదు.

ఇంతవరకు వింటే 15 శాతమే మేలనిపిస్తుంది. కానీ 5 శాతం దగ్గర ఒక గీత ఉంది. అంతర్జాతీయ రవాణా వర్గీకరణలో పెరాసిటిక్ 5 శాతం మించని స్థిరీకరించిన మిశ్రమం యూఎన్ 3149. అంటే ఆక్సీకారకం, దానితోపాటు తుప్పు పట్టించే గుణం. 5 దాటితే అది ఆర్గానిక్ పెరాక్సైడ్ తరగతిలోకి వెళ్లిపోతుంది. 15 శాతం గ్రేడు డ్రమ్ము మీద మామూలుగా కనిపించే నంబరు యూఎన్ 3109. దాంతో లారీవాడు, గోడౌన్ యజమాని, ఇన్సూరెన్స్ కంపెనీ, ఫ్యాక్టరీస్ ఇన్‌స్పెక్టర్ అడిగే ప్రశ్నలన్నీ మారిపోతాయి. చాలా కంపెనీల సరుకు 5 శాతం దగ్గర ఆగిపోయిందంటే ప్రధాన కారణం ఈ గీతే.

మనకి ఇంకో గీత కూడా ఉంది, ఎండ. డ్రమ్ము మీద 30 డిగ్రీల లోపు నిల్వ చేయమని రాసి ఉంటుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో రేకుల షెడ్డు కింద 30 అంటే నవ్వొస్తుంది. వేడికి శాతం పడిపోవడం ఒక నష్టం. విడుదలయ్యే ఆక్సిజన్‌కి బయటికి దారి లేకపోతే డ్రమ్ము ఉబ్బడం, పగలడం అంతకంటే పెద్ద నష్టం. అందుకే ఈ క్యాన్లకి గాలి పోయే మూతలుంటాయి. కారుతోందని ఎవరో మంచి మనసుతో ఆ మూత తీసి మామూలు మూత బిగిస్తే అక్కడి నుంచి ప్రమాదం మొదలైనట్టే. క్యాన్లను పడుకోబెట్టినా గాలి పోయే దారి మూసుకుపోతుంది.

కాబట్టి నా సలహా ఇది. ఏసీ కాకపోయినా నీడ, గాలి ఉండే విడి గది, నెలలోపు ఖాళీ అయ్యేంత వాడకం, క్యాన్ నుంచి నేరుగా పీల్చే డోసింగ్ పంపు, ఈ మూడూ ఉంటే 15 శాతం తీసుకోవచ్చు. వీటిలో ఒక్కటి లేకపోయినా 5 శాతమే తీసుకోండి. చేత్తో మగ్గులతో పోసే చోట 15 శాతం ఊసే ఎత్తొద్దు. దీని ఆవిరి కళ్లు, ముక్కు, గొంతు మంటెక్కిస్తుంది. అమెరికాలోని ఏసీజీఐహెచ్ అనే వృత్తి ఆరోగ్య సంస్థ సూచించిన స్వల్పకాల పరిమితి గాలిలో 0.4 పీపీఎం మాత్రమే. ఘాటుకి అలవాటు పడ్డ ఆపరేటర్ తనకేం కావట్లేదంటే ఆ మాట మీద వదిలేయకండి.

ప్లాంటులోనే పుట్టాల్సినవి

పెర్‌ఫార్మిక్ యాసిడ్ పెరాసిటిక్ కంటే వేగంగా క్రిముల్ని చంపుతుంది, తక్కువ మోతాదు సరిపోతుంది. కానీ నిలవదు. గాఢత పెరిగితే పేలే గుణం కూడా ఉంది. కాబట్టి ఫార్మిక్ యాసిడ్, పెరాక్సైడ్ విడివిడి ట్యాంకుల్లో ఉంచి, చిన్న జనరేటర్‌లో కొద్దికొద్దిగా తయారు చేస్తూ వెంటనే నీళ్లలోకి పంపుతారు. 2024 ఒలింపిక్స్ కోసం సీన్ నదిని ఈతకి పనికొచ్చేలా చేయాలని పారిస్ పూనుకున్నప్పుడు, వాలెంటన్ మురుగునీటి శుద్ధి కేంద్రంలో బయటికి వెళ్లే నీటికి ఈ పద్ధతే పెట్టారు. మార్న్ నది పక్కనున్న ఇంకో కేంద్రంలో మాత్రం యూవీ దీపాలు పెట్టారు. ఒకే ఊరికి, ఒకే లక్ష్యానికి రెండు దారులన్నమాట.

మన మున్సిపల్ ఎస్టీపీలకి (మురుగునీటి శుద్ధి కేంద్రాలకి) పెర్‌ఫార్మిక్ ఇప్పటికి దూరం. యంత్రం, దానికి సర్వీస్ చేసేవాళ్లు, రెండు రసాయనాల నిరంతర సరఫరా, ఇన్ని అమరాలి. క్లోరిన్ వద్దనుకుంటే యూవీ, అదీ కుదరకపోతే డ్రమ్ముల్లో వచ్చే పెరాసిటిక్, ఆ వరసలో చూడటం మంచిది. పెరాసిటిక్‌కి ఒక లాభముంది. క్లోరిన్ కోసం కట్టిన కాంటాక్ట్ ట్యాంకునే వాడుకోవచ్చు, కొత్తగా కట్టే పని తక్కువ.

కారో యాసిడ్ కథ వేరు. 1898లో జర్మన్ రసాయనవేత్త హైన్రిక్ కారో దీన్ని వివరించాడు, అందుకే ఆ పేరు. ఆయన జర్మన్ రసాయన కంపెనీ బీఏఎస్ఎఫ్‌లో రంగుల తయారీకి పేరు తెచ్చినవాడు. ఇది క్రిములు చంపడానికి కాదు, ముఖ్యంగా సయనైడ్‌ని విరగ్గొట్టడానికి. బంగారం గనుల్లో ఖనిజం నుంచి బంగారాన్ని సయనైడ్‌తో కరిగించి తీశాక మిగిలే బురదలో సయనైడ్ ఉండిపోతుంది. 2000 జనవరి 30న రుమేనియాలోని బాయా మారేలో అలాంటి బురద చెరువు కట్ట తెగి సయనైడ్ నీళ్లు నదుల్లో కలిశాయి. చేపలు గుట్టలుగా చచ్చాయి. దాని తర్వాతే అంతర్జాతీయ సయనైడ్ నిర్వహణ నియమావళి వచ్చింది. పక్షులు, జంతువులు వాలే బురద చెరువుల్లో, బలహీన ఆమ్లానికి విడిపోయే సయనైడ్ లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటకూడదన్నది అందులోని కొలత.

ఈ పనికి గనుల ముందు మూడు దారులున్నాయి. మొదటిది ఒట్టి పెరాక్సైడ్. దీనికి రాగి ఉత్ప్రేరకం కావాలి, తేటనీళ్లలో బాగుంటుంది కానీ బురదలో పెరాక్సైడ్ వృథాగా విడిపోతుంది. రెండోది సల్ఫర్ డయాక్సైడ్, గాలి కలిపి పంపే ఇన్‌కో పద్ధతి. దీనికీ రాగి కావాలి, పెద్ద ట్యాంకులు, గంటపాటు కలియబెట్టడం కావాలి, కానీ నడిపే ఖర్చు తక్కువ. మూడోది కారో యాసిడ్. రాగి అక్కర్లేదు, నిమిషాల్లో పని అయిపోతుంది, పైపులోనే వేయొచ్చు కాబట్టి పెద్ద ట్యాంకులు కట్టక్కర్లేదు. దాని ఇబ్బందల్లా తయారీలోనే ఉంది. గాఢ సల్ఫ్యూరిక్, గాఢ పెరాక్సైడ్ కలిసినప్పుడు పుట్టే వేడి భయంకరంగా ఉంటుంది, తయారైనది గంటల్లో బలం కోల్పోతుంది. అందుకే దాన్ని ట్యాంకులో తయారు చేసి ఉంచరు. గొట్టం లాంటి మిక్సర్‌లో రెండు ప్రవాహాలు క్షణాలపాటు కలిసి నేరుగా బురదలో పడిపోతాయి. ఒక ప్రవాహం ఆగితే రెండోది దానంతటదే ఆగేలా ఇంటర్‌లాకులు ఉంటాయి. పైగా పడేది యాసిడ్ కాబట్టి పక్కనే సున్నమో, కాస్టిక్కో వేస్తూ పీహెచ్‌ని క్షారం వైపే నిలపాలి. పీహెచ్ పడిపోతే హైడ్రోజన్ సయనైడ్ వాయువు బయటికొస్తుంది. వేగం, తక్కువ స్థలం ముఖ్యమైన గనికి కారో. మొదటి నుంచి పెద్ద ప్లాంటు కట్టుకుని, ఏళ్లపాటు నడిపే ఖర్చు తగ్గించుకోవాలనుకునే గనికి ఇన్‌కో.

కర్ణాటకలోని హట్టి, కర్నూలు జిల్లాలోని జొన్నగిరి లాంటి గనుల్లో పనిచేసే మెటలర్జీ ఇంజినీర్లకి ఈ పోలిక పనికొస్తుంది. బాలానగర్‌లో నాలుగు తొట్లతో సయనైడ్ ప్లేటింగ్ చేసే షాపుకి పనికిరాదు. అక్కడ క్షార మాధ్యమంలో హైపోక్లోరైట్‌తో సయనైడ్‌ని విరగ్గొట్టే పాత పద్ధతే సరైనది. సల్ఫ్యూరిక్ డబ్బా, పెరాక్సైడ్ డబ్బా రెండూ షెడ్డులోనే ఉన్నాయి కదా, మనమే కలుపుకుందాం అనే ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపాలి. పెరాసిటిక్ విషయంలోనూ అంతే. ఎసిటిక్, పెరాక్సైడ్ కొని సొంతంగా కలుపుకుంటే సగం ఖర్చు మిగులుతుందని చెప్పేవాళ్లు ఉంటారు. స్థిరీకారకం లేని, శాతం తెలియని, లోహపు మరకలున్న డ్రమ్ములో కలిపిన ద్రావణం ఎప్పుడు వేడెక్కుతుందో ఎవరూ చెప్పలేరు.

కారో యాసిడ్ గుణం కావాలి, తయారీ గొడవ వద్దు అనుకునేవాళ్లకి దాని లవణం ఉంది. పొటాషియం మోనోపర్‌సల్ఫేట్. ఆ యాసిడ్‌ని పొటాష్‌తో తటస్థం చేసి ఆరబెట్టిన తెల్లటి పొడి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులు, కోళ్ల ఫారాలవాళ్లు ఏళ్లుగా వాడుతున్న డిసిన్‌ఫెక్టెంట్ పొడుల్లో చాలావాటిలో అసలు మందు ఇదే. తడి తగలకుండా ఉంచితే నెలల తరబడి బలం తగ్గదు. కిలోకి ఆక్సీకరణ శక్తి తక్కువ, రేటు ఎక్కువ. కానీ చెరువు గట్టు మీద యాసిడ్ క్యాన్ కంటే పొడి సంచి ఎంతో నయం. చిన్న వాడకానికి నేను దీనికే ఓటేస్తాను.

ఆర్డర్ పెట్టే ముందు

పైపులు, వాల్వులు చూసుకోండి. హెచ్‌డీపీఈ, టెఫ్లాన్, ప్యాసివేట్ చేసిన (యాసిడ్‌తో కడిగి పైన రక్షణ పొర ఏర్పరచిన) ఎస్ఎస్ 316ఎల్ బాగుంటాయి. ఇత్తడి, రాగి, మైల్డ్ స్టీల్, గాల్వనైజ్డ్ ఫిట్టింగులు పనికిరావు. లైనంతా సరిగా వేసి, చివర్లో ఒక ఇత్తడి నిప్పుల్ పెట్టేసే ప్లంబర్ మీద కన్నేసి ఉంచాలి. రెండు వాల్వుల మధ్య ద్రావణం బంధించబడకుండా చూడాలి. మూసిన బాల్ వాల్వ్ గోళం లోపల చిక్కుకున్న కొన్ని చుక్కలు కూడా ఆక్సిజన్ వదిలి వాల్వ్‌ని పగలగొట్టగలవు. అందుకే గోళానికి చిన్న రంధ్రం పెట్టిన వాల్వులు ఈ పనికి ప్రత్యేకంగా దొరుకుతాయి.

హైపోక్లోరైట్ గది, పెరాసిటిక్ గది వేరుగా ఉండాలి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. రెండింటి క్యాన్లూ చాలా చోట్ల ఒకే నీలం రంగులో ఉంటాయి, కాబట్టి రంగుని నమ్మకుండా పెద్ద అక్షరాల లేబుళ్లు అంటించండి. బయటికి తీసిన ద్రావణం మిగిలితే తిరిగి డ్రమ్ములో పోయకూడదు. ఒలికితే రంపపు పొట్టు, గుడ్డపీలికలు వేయకూడదు, మండొచ్చు. పుష్కలంగా నీళ్లు కొట్టి పలుచన చేయాలి.

సీఐపీలో కాస్టిక్ కడిగిన తర్వాత నీళ్లతో బాగా శుభ్రం చేశాకే పెరాసిటిక్ పంపాలి. క్షారంలో దాని బలం పడిపోతుంది. పీహెచ్ 8 దాటితే అది త్వరగా విడిపోతుంది కూడా. కొత్త మందు పనిచేయట్లేదని వచ్చే ఫిర్యాదుల్లో ముందు పట్టి చూడాల్సింది ఇదే.

ఆర్‌వో మెంబ్రేన్‌కి వాడేటప్పుడు నీళ్లలో ఇనుము లేకుండా, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటకుండా చూడండి. మెంబ్రేన్ కంపెనీ చెప్పిన గాఢతని మించొద్దు. ఇనుము ఉంటే పెరాక్సైడే మెంబ్రేన్‌ని పాడుచేస్తుంది.

సరుకు వచ్చినప్పుడు శాతం మీరే కొలవగలగాలి. ల్యాబ్‌లో రెండు అంచెల టైట్రేషన్ ఉంటుంది. నమూనాని ఐస్‌తో చల్లబరిచి మొదట పెరాక్సైడ్‌ని సీరిక్ సల్ఫేట్‌తో, వెంటనే పొటాషియం అయొడైడ్ వేసి పెరాసిటిక్‌ని థయోసల్ఫేట్‌తో లెక్కిస్తారు. రెండూ కలిపి ఒకే అంకె ఇచ్చే పద్ధతిని ఒప్పుకోవద్దు. పెరాసిటిక్ తగ్గి పెరాక్సైడ్ మిగిలిన పాత డ్రమ్ము కూడా అందులో బాగానే కనిపిస్తుంది. షాప్ ఫ్లోర్‌లో టెస్ట్ స్ట్రిప్పులు చాలు. అయితే అవి పెరాసిటిక్ స్ట్రిప్పులై ఉండాలి, పెరాక్సైడ్ స్ట్రిప్పులు కాదు.

సప్లయర్‌ని సీవోఏతోపాటు (బ్యాచ్ పరీక్ష ఫలితాల ధ్రువపత్రంతోపాటు) తయారీ తేదీ అడగండి, బ్యాచ్ నంబరు డ్రమ్ము మీదున్న దానితో సరిచూడండి. మార్చి నుంచి జూన్ వరకు చిన్న లాట్లలో, పదిహేను రోజులకోసారి పంపమని కాంట్రాక్టులోనే రాయించుకోండి. చేరిన రోజు శాతం ఇంతకంటే తగ్గితే వాపసు అన్న షరతు కూడా పెట్టండి. దానికి ఒప్పుకోని సప్లయర్ రేటు ఎంత తక్కువైనా పక్కన పెట్టేయొచ్చు.